మేక మేసిన మాటల పట్టీ

రేవుపాలెంలో తమని మించిన తెలివైనవాళ్ళు లేరని గవర్రాజు నమ్మకం. అతను, పెళ్ళాం సూరీడమ్మ, బావమరిది అబ్బులు, ముగ్గురికీ ఊరి లైబ్రరీలోనే పని. "లోకంలో తెలివి నాలుగు పాళ్ళుంటే మూడు పాళ్ళు మనింట్లోనే ఉంది," అనేవాడు గవర్రాజు. "మరి నాలుగోది బావా?" అని అబ్బులు అడిగితే, "అదీ మనింట్లోదేరా, ఎక్కడో పెట్టి మర్చిపోయాం," అనేది సూరీడమ్మ.

లైబ్రరీలో వాళ్ళ పని మాటల పట్టీ చూసుకోవడం. ఉల్లిపాయని ఒకరు ఎర్రగడ్డ అంటారు, ఇంకొకరు నీరుల్లి అంటారు. ఎవరు ఏ పేరుతో అడిగినా పుస్తకం దొరకాలి కదా! అందుకని ఒక పేరు ఖాయం చేసి, మిగతా పేర్ల పక్కన 'ఉల్లిపాయ చూడు' అని రాస్తారు. అలా రాసి, చీటీలు అతికించి కుట్టిన లావుపాటి పుస్తకమే పట్టీ. లైబ్రేరియన్ విశాలాక్షిగారు జిల్లా మీటింగుకి వెళుతూ దాన్ని వీళ్ళ చేతిలో పెట్టింది. "నేనొచ్చేదాకా పట్టీలో ఎలా ఉంటే అలా చెయ్యండి. సొంత తెలివి వాడకండి," అని మరీ మరీ చెప్పింది.

అంత తెలివిని ఆపుకోవడం వాళ్ళకి కష్టమే. అయినా పెద్దావిడ మాట కదా, సరేనన్నారు.

మధ్యాహ్నం గవర్రాజుకి ఆకలేసి అన్నం పెట్టమన్నాడు. సూరీడమ్మ పట్టీ తిరగేసింది. అన్నం పక్కన 'వరి చూడు' అని ఉంది. ఇంకేముంది, విస్తరి వేసి దోసెడు వడ్లు పోసింది. గవర్రాజు గంటసేపు వడ్లకేసి చూసి, చెయ్యి కడుక్కుని లేచాడు. "కడుపు నిండలేదు గానీ, పద్ధతిగా ఉందే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి పోలమ్మ ఏడుస్తూ వచ్చింది. "బాబూ గవర్రాజూ, మా లచ్చి మూడ్రోజుల్నించీ మేత ముట్టట్లేదయ్యా. దాని పాలు తప్ప మా మనవరాలికి ఇంకేయీ పడవు. మేకల జబ్బుల పుస్తకమేదన్నా ఉంటే చదివి చెప్పండి బాబూ!"

పాపం, ముగ్గురికీ మనసు కరిగిపోయింది. వాళ్ళ దగ్గర లేనిది బుర్రే గానీ జాలి కాదు.

అబ్బులు గబగబా పట్టీలో మేక వెతికాడు. 'పశువులు చూడు' అని ఉంది. అంతే, పోలమ్మని రెక్క పట్టుకుని బస్టాండు దగ్గరికి లాక్కెళ్ళారు. అక్కడ రెండు గేదెలు, ఒక ఎద్దు ఉన్నాయి. "చూడు పిన్నీ, బాగా చూడు," అన్నాడు అబ్బులు.

"చూశాన్రా. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"చూడమనే ఉంది పిన్నీ. చెయ్యమని లేదు."

మళ్ళీ వచ్చి మేత తీశారు. 'గడ్డి చూడు' అని ఉంది. స్కూలు వెనక్కి వెళ్ళి గడ్డి చూశారు. జబ్బు తీస్తే 'వైద్యులు చూడు' అని ఉంది. ఇంకేముంది, నలుగురూ ఆసుపత్రికెళ్ళి కిటికీ ఊచలు పట్టుకుని డాక్టరుగారినే చూస్తూ నిలబడ్డారు. ఆయన హడిలిపోయి, "ఏం కావాలి?" అన్నాడు. "ఏం వద్దండి, చూడ్డానికొచ్చాం. అయిపోయింది, వెళుతున్నాం," అన్నాడు గవర్రాజు.

పోలమ్మకి ఒళ్ళు మండింది. "మీ చూపులు తగలెయ్య! అక్కడ నా లచ్చి పోయేలా ఉంటే ఊరంతా తిప్పుతారేంట్రా?" అని ఇంటికెళ్ళి మేకని భుజానేసుకుని తెచ్చి లైబ్రరీలో దింపింది. "ఇదిగో, చూస్తే దీన్ని చూడండి!"

పట్టీలో మేకా ఈ మేకా ఒకటో కాదో పోల్చుదామని అబ్బులు పట్టీని దాని మొహం దగ్గర తెరిచి పట్టుకున్నాడు. చీటీలు అతికించింది మైదాపిండి జిగురుతో. లచ్చి వాసన చూసింది. చెవులు రిక్కించింది. ఒక కాగితం లాగి కరకరా నమిలింది.

"తింటోంది! నా తల్లి తింటోందిరా!" అని పోలమ్మ ఎగిరి గంతేసింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అబ్బులు ఆనందం పట్టలేక 'అ' దగ్గర్నించి 'హ' దాకా, వరస తప్పకుండా, ఒక్కో కాగితం చింపి తినిపించాడు. చివరికి అట్టలు మిగిలాయి.

పోలమ్మ దీవించి మేకని తోలుకుని బయల్దేరింది. గవర్రాజు గుమ్మానికి అడ్డం నిలబడి అట్ట చూపించాడు. దాని మీద 'ఇక్కడే చదువుకోవాలి, ఇంటికి ఇవ్వరు' అని ముద్ర ఉంది.

"నా మేకరా అది!"

"పైకి నీ మేకే పిన్నీ. లోపలంతా లైబ్రరీదే."

"అక్కడ పిల్ల పాలకేడుస్తా ఉంటదిరా!"

"తీసుకొచ్చి ఇక్కడ కూచోబెట్టి తాగించుకో. మేం కాదన్నామా?" అని లచ్చిని బీరువా కాలికి కట్టేశాడు.

పోలమ్మ నెత్తి కొట్టుకుంటూ అక్కడే కూలబడింది. అదృష్టం బాగుండి విశాలాక్షిగారు అప్పుడే బస్సు దిగి వచ్చింది. సంగతి విని, తనే తాడు విప్పి, పోలమ్మకి దణ్ణం పెట్టి మేకని పంపించింది. తర్వాత ఈ ముగ్గురి వైపు తిరిగింది. "నాలుగేళ్ళు కష్టపడి రాసిన పట్టీ అది. అందులో మాట ఒక్కటి పోయినా మీ ముగ్గురికీ ఇక్కడ పని ఉండదు. ఏం చేస్తారో నాకు తెలీదు!"

సాయంత్రానికి పోలమ్మ మనవరాలు అరుగు మీద కూచుని గ్లాసెడు పాలు తాగుతోంది. లచ్చి గడ్డి నములుతోంది. దాని వెనక సూరీడమ్మ చాట పట్టుకుని, గవర్రాజు జిగురు గిన్నె పట్టుకుని, అబ్బులు పలకా బలపం పట్టుకుని బారుగా కూచున్నారు.

లచ్చి తోక ఎత్తింది. చాటలో పెంటికలు టపటపా రాలాయి.

"ముందు తిన్నది 'అ' కాబట్టి ముందు పడ్డది 'అ' అని రాసుకోరా," అన్నాడు గవర్రాజు.

"చాట కదపకే అక్కా!" అని అరిచాడు అబ్బులు. "వరస తప్పితే ఇన్ని మాటల్లో ఏది ఏదో ఎలా పోల్చుకుంటాం?"