కొమ్ము ఊదని సాయంత్రం

ఆ ఏటి ప్రాయశ్చిత్త దినాన మా యూదుల సమాజమందిరంలో నా అంతగా పశ్చాత్తాపపడ్డవాడు మరొకడు లేడు. పాపాలు ఒప్పుకుంటూ పిడికిలితో గుండెలు బాదుకుంటే ఛాతీ ఎర్రగా కందిపోయింది. అందులో సగం చెమటకాయలే, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే మా గురువు ఏలియాజరు గారు మందిరం వెనక గునపంతో గుంటలు తవ్వుతున్నారు. ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం ముగిసిన మర్నాడే పర్ణశాలకు, అంటే పండక్కి వేసే ఆకుల పందిరికి, గుంజలు పాతడం మా ఆచారం. నాకు మాత్రం అంతా గందరగోళంగా ఉంది. "నిన్న ఏడవమన్నారు. నాలుగు రోజుల్లో పర్ణశాలల పండుగ, సంతోషించి తీరాలంటున్నారు. నా ఏడుపే ఇంకా పూర్తికాలేదు. ఇందులో ఏది నిజమండీ?" అని అడిగాను. ప్రశ్న అడిగినవాడి చేతికి పని అప్పగించడం ఆయన అలవాటు. "గుంజ పట్టుకో" అన్నారు. ఒక చేత్తో పట్టుకున్నాను. రెండోది నిన్నటి ఊపులో గుండె మీదికే పోతోంది. గుంజ ఒరిగింది. "రెండు చేతులూ" అన్నారు.

నాలుగు గుంజలూ నిలిచాక, "వాసం ఎత్తడానికి పొడుగాటి మనిషి కావాలి. నఫ్తాలిని పిలుచుకురా" అన్నారు. నఫ్తాలి మామ మందిరంలో పొట్టేలు కొమ్ము ఊదేవాడు. కొత్త సంవత్సరం నాడు ఆయనకు ఊపిరి అందక తడబడితే, "మామా, ఈనుతున్న గేదెను లోపలికి ఎవరు తోలారు?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కొమ్మును గుడ్డలో చుట్టి, అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. పది రోజులుగా గుమ్మం తొక్కలేదు. నిన్న ఉపవాసం ముగింపున ఊదాల్సిన కొమ్ము వినకుండానే ఇళ్ళకు పోయాం. ఆయన పండక్కీ రాకపోతే ఆ పందిట్లో కూర్చునే మొహం నాకు లేదు.

ఉపవాసానికి ముందే, నొప్పించినవాళ్ళ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగాలన్నది నియమం. నేనూ అడిగాను. నలభై ఇళ్ళకూ కలిపి ఒకటే వాట్సాప్ మెసేజ్. మామది బటన్ల ఫోను.

నేను వెళ్ళేసరికి ఆయన తన పెరట్లో తాటాకులు కోస్తున్నాడు. "మామా, వాసం ఎత్తాలిట..." అన్నాను.

"ఎత్తుకోండి." కత్తి ఆగలేదు.

"ఆ గేదె మాట తప్పయింది మామా. క్షమించు."

"అందరి ముందూ అన్నావు. పెరట్లో చెబుతున్నావేంరా?" అని ఆకుల మోపు నా నెత్తిన పెట్టి, తాను ముందు నడిచాడు.

మేం చేరేసరికి ఊరంతా ఆకులతో అక్కడే ఉంది. మామ వాసాన్ని ఒక్క ఊపున భుజానికెత్తాడు కానీ గుంజల మీద పెట్టలేదు. "చెప్పు" అన్నాడు. గేదె మాట తప్పయిందని అందరి ముందూ చెప్పాను.

"అది సరేనయ్యా, అసలెందుకన్నావు ఆ మాట?" అంది మిర్యామమ్మ పిన్ని. మామ భుజం మీద వాసం ఇంకా అలాగే ఉంది. నాకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియడం లేదు. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"కొత్త సంవత్సరానికి ముందు ఎవరూ లేనప్పుడు నేనూ ఆ కొమ్ము ఊది చూశాను పిన్నీ. ఒకసారి కాదు, మూడుసార్లు. ఉమ్మి తప్ప ఏమీ రాలేదు."

అందరికంటే ముందు మామే నవ్వాడు, వాసం ఊగిపోయేలా. గురువుగారు నాకు ఒక తాటాకు అందించారు.

"ఇప్పుడు విడిచావు ఉపవాసం. పట్టుకో, కప్పుదాం."