మూడో ఆనపబుర్ర

కాళ్ళతో దుప్పటి తన్నకు అమ్మడూ. ఇటు జరుగు. ఇవాళ్టి కథలో రాజూ లేడు, రాకుమారీ లేదు. నవ్వొచ్చే కథ కావాలంటే మీ తాతయ్య దగ్గరికి పో. ఉంటావా? అయితే ఊఁ కొడుతూ విను.

అనగనగా ఒక ఊళ్ళో, ఏరు వెళ్ళి సముద్రంలో పడే చోట, ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు. అక్క పేరు గంగాళం. తమ్ముడి పేరు ఎల్లాజీ. వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మే దోనె వేసుకుని, గాలం వేసి చేపలు పట్టి ఇద్దర్నీ పెంచింది. ఆడది దోనె ఎక్కడమేంటని ఊరంతా మూతి విరిచింది. ఆవిడ తెచ్చిన చేపలు చూసి ఆ మూతులే లొట్టలు వేశాయి. ఊరి సంగతి అంతేగా!

అప్పుడు ఒక వానాకాలం ఆవిడకి జ్వరం తగిలింది. మంచం దిగలేదు. ఇక లేవనని తెలిసి కొడుకుని దగ్గరికి పిలిచి మూడు మాటలు చెప్పింది.

"నాయనా, దోనెలో నిలబడకు. అది తాటిమాను తొలిచి చేసింది, అడుగు గుండ్రం. నువ్వు లేస్తే అది బోర్లాపడుద్ది. రెండోది, పాటు తీసేటప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోకు. నీళ్ళు సముద్రంలోకి పోతా పోతా నిన్నూ లాక్కుపోతాయి. మూడోది, గాలం తాడు కొస బుర్రకే కట్టు. దోనెకి కట్టకు. ఒంటికి అసలు కట్టకు."

బుర్ర అంటే ఏంటో తెలుసా? ఎండిన ఆనపకాయ. ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పెద్ద చేప పడిందనుకో, మనం లాగకూడదు. బుర్ర తీసి నీళ్ళలోకి విసిరెయ్యాలి. చేప దాన్ని లోపలికి లాగుతుంది, అది పైకి తేలుతుంది. మళ్ళీ లాగుతుంది, మళ్ళీ తేలుతుంది. చివరికి చేప అలిసిపోతుంది. అప్పటిదాకా మనం దూరంగా కూర్చుని, తెడ్డు వేసుకుంటూ దాని వెనకాల పోవడమే. కొట్లాట చేపకీ బుర్రకీ. మధ్యలో మనిషి ఉండకూడదు.

ఆవిడ మూడు వేళ్ళు సున్నంలో ముంచి ప్రతి బుర్ర మీదా అద్దేది. ఇది మా ఇంటిది అని గుర్తు. ఒకరి బుర్ర కొట్టుకొచ్చినా ఇంకొకరు ముట్టరు, అది ఆ ఊరి కట్టు. ఆవిడ పోయేనాటికి ఇంట్లో అలాంటివి మూడు బుర్రలున్నాయి.

ఆ తర్వాత ఎల్లాజీ దోనె ఎక్కాడు. మంచి పనివాడే గానీ ఉడుకు రక్తం. ఒకసారి పెద్ద చేప పడింది. సంబరం పట్టలేక లేచి నిలబడి బుర్ర విసిరాడు. దోనె బోర్లాపడింది. వీడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, దోనె తిరగేసుకునేసరికి చేపా లేదు, బుర్రా లేదు. తడిసిన కోడిలా ఇంటికొచ్చాడు. గంగాళం నవ్వేసి తల తుడిచింది.

ఆ తర్వాత ఇంకోసారి చేప పడింది. ఈసారి కూర్చునే బుర్ర విసిరాడు. కానీ అది పాటు తీసే వేళ. చేప బుర్రని లాక్కుంటూ మొగ వైపు పోయింది, వీడు దాని వెనకాలే పోయాడు. అలలు తగిలాక గానీ భయం తెలియలేదు. అరచేతులు బొబ్బలెక్కేదాకా తెడ్డు వేసి ఎలాగో బయటపడ్డాడు. బుర్ర సముద్రంలోకి పోయింది.

ఈసారి గంగాళం నవ్వలేదు. గోడ మీద మేకుకి ఒకటే బుర్ర వేలాడుతోంది. దాన్ని చూస్తే ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఏడుపులోంచి కోపం వచ్చింది.

"అమ్మ వేళ్ళు ఇక దీని మీదే ఉన్నాయిరా. ఇదీ పోగొట్టావంటే నా మొహం చూడకు" అంది.

అనకూడదా అంటే, నువ్వైనా అంటావు, నేనైనా అంటాను. అంది, మర్చిపోయింది. వాడు మర్చిపోలేదు.

అప్పుడు గంగాళానికి ఏటి అవతల నించి ఒక సంబంధం వచ్చింది. మంచివాళ్ళు. పిల్లని చూసుకోడానికి వస్తామని కబురు పెట్టారు. గంగాళం చిన్న చేపలు, మెత్తళ్ళతో పులుసు పెట్టేద్దామంది. ఎల్లాజీకి రోషం వచ్చింది.

"నిన్ను చూసుకోడానికొచ్చేవోళ్ళకి మెత్తళ్ళా? మనకి అమ్మా నాన్నా లేరని చులకన చేస్తారక్కా. పండుగప్ప తెస్తాను. నువ్వు పొయ్యి ముట్టించు" అన్నాడు.

పండుగప్ప చేపంటే మాటలా! మడ అడవిలో, చెట్ల వేళ్ళు నీళ్ళలోకి దిగే చోట, నీడలో కదలకుండా కాపు కాస్తుంది. పోటు ఎక్కి నీళ్ళు లోపలికి వచ్చే వేళ బయటికొస్తుంది. దానికి చచ్చిన ఎర పనికిరాదు. బతికున్న రొయ్యని తోక దగ్గర గుచ్చాలి, తల దగ్గర గుచ్చితే చచ్చిపోతుంది. దాని మొప్ప మీది రేకు కత్తిలా కోస్తుంది, అందుకని గాలం దగ్గర మూరెడు మేర తాడు రెట్టింపు పేనాలి. అది గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే బిగబట్టకూడదు, తాడు వదలాలి. ఇవన్నీ ఎల్లాజీకి వాళ్ళ అమ్మ నేర్పింది. అన్నీ సరిగ్గానే చేశాడు. పోటు చూసుకునే బయలుదేరాడు. దోనెలో బుద్ధిగా కూర్చున్నాడు.

బుర్ర మాత్రం మేకు మీదే వదిలేశాడు.

రేవులో పోలయ్య అనే ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. దోనె కదలగానే తలెత్తి చూశాడు.

"బుర్ర ఏదిరా?" అన్నాడు.

"అడుగున ఉంది మావా" అన్నాడు ఎల్లాజీ.

మంచి కోసమే అబద్ధం ఆడాననుకున్నాడు, పిచ్చి వెధవ. బుర్ర తీసుకెళ్ళి పోగొడితే అక్క ఏడుస్తుంది. చేప తేకపోతే అక్క తలవంచుకోవాలి. అందుకని తాడు కొస నడుముకి చుట్టుకుని ముడేశాడు.

ఇంట్లో గంగాళం చింతపండు నానబెట్టింది. అల్లం వెల్లుల్లి నూరింది. దాక కడిగి పొయ్యి పక్కన పెట్టింది. అప్పుడు చీర మార్చుకుందామని గది లోపలికెళ్ళింది. సగం కట్టుకునేసరికి ఎదురుగా గోడ మీద బుర్ర కనిపించింది.

అది చూడగానే ఆ పిల్లకి అర్థమైపోయింది. సగం కట్టిన చీర చేత్తో పట్టుకుని రేవుకి పరిగెత్తింది. "మావా, తమ్ముడు బుర్ర తీసుకెళ్ళలేదు" అని అరిచింది. పోలయ్య వల పడేసి దోనె దింపాడు.

అప్పటికే పోటు నీళ్ళకి ఎల్లాజీ దోనె వెనక్కి వస్తోంది. తిరగబడి ఉంది. దాని పక్కనే తెడ్డు తేలుతోంది.

ఆ తర్వాత పాటు తీసింది. నీళ్ళు తగ్గాక మడచెట్ల వేళ్ళ మధ్య ఎల్లాజీ దొరికాడు. తాడు ఆ వేళ్ళకి చుట్టుకుని ఉంది, నడుముకి ముడి అలాగే ఉంది. గాలం దగ్గర తాడు తెగి ఉంది. చేప దాని దారిన అది పోయింది. ఎంత చేపో ఎవరూ చూళ్ళేదు.

అవతలి ఒడ్డు వాళ్ళు వచ్చారు. వాకిట్లో ఎల్లాజీని పడుకోబెట్టి ఉంది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. నానబెట్టిన చింతపండు అలాగే పులిసిపోయింది.

ఏడ్చిందా అంటావేంటే? ఏడవకుండా ఉంటుందా! విసిరిన గాలాన్ని తాడు పట్టుకుని వెనక్కి లాక్కోవచ్చు. నోరు జారిన మాటకి తాడుండదమ్మా.

చానాళ్ళు ఆ పిల్ల బుర్రకేసి చూస్తూ కూర్చునేది. అప్పుడు ఒకరోజు దాన్ని మేకు మీంచి దింపింది. ఊపి చూసింది. గింజలు గలగలమన్నాయి. గడప మీద పెట్టి రోకలితో ఒక్కటి వేసింది. అమ్మ వేళ్ళు పెంకులు పెంకులైపోయాయి. గింజలు ఏరి ఇంటి చుట్టూ నాటింది.

అన్నీ మొలవలేదు. మొలిచినవి పాకెక్కి పాకంతా అల్లుకున్నాయి. విరగ్గాశాయి. గంగాళం ఒక్క కాయ కూడా కూర వండలేదు. అన్నీ తీగకే ఎండనిచ్చింది. అప్పుడు సున్నం కలిపి ఒక్కోదాని మీదా తన మూడు వేళ్ళు అద్దింది. గంపకెత్తుకుని రేవులో కూర్చుంది. బుర్ర లేకుండా దోనె ఎక్కేవాడు కనిపిస్తే చాలు, లేచి వెళ్ళి ఒకటి చేతిలో పెట్టేది.

"ఊరికే ఇస్తన్నావు, పోగొడితే ఎలాగే?" అని అడిగాడు పోలయ్య.

"పోతే పోనీ మావా, పాక మీద ఇంకా ఉన్నాయి. మనిషిని తిరిగి రమ్మను" అంది గంగాళం.

కొన్నాళ్ళకి ఆ ఊళ్ళో అందరి బుర్రలకీ ఒకటే గుర్తు. ఏది కొట్టుకొచ్చినా ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. తిన్నగా తెచ్చి గంగాళం వాకిట్లో పెట్టేవాళ్ళు. తమ్ముడు పోగొట్టిన రెండూ మాత్రం రాలేదు. అయినా సరే, కొట్టుకొచ్చిన ప్రతిదాన్నీ తిప్పి, అమ్మ వేళ్ళేమోనని ఆ వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి చూసుకునేది. అన్నీ తనవే.

నిద్రొచ్చిందా? కళ్ళు తుడుచుకో. రేపు పొద్దున నీ తమ్ముడితో మాట్లాడు. వాడు పోగొట్టిన పెన్సిల్ పోతే పోయింది, ఇంకోటి కొందాం. ఇప్పుడు నాతో పాటు అను:

తాడేమో బుర్రకి, బుర్రేమో నీటికి,
చేపేమో ఏటికి, మనిషేమో ఇంటికి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి.