గ్రూపులో చప్పట్లు

రంగనాయకులు గారిని ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. ఇల్లిల్లూ తిరిగి సబ్బులూ పొడులూ అమ్మి, అమ్మేవాళ్లను చేర్పించి, నెట్‌వర్క్ మార్కెటింగులో ముప్ఫై ఏళ్లు నలిగిన మనిషి. తణుకు చుట్టుపక్కల ఆయన దగ్గర పని నేర్చుకోని వాళ్లు తక్కువ.

ఒకరోజు శిష్యుడు సుధాకరం మొహం వేలాడేసుకుని వచ్చాడు. పాపం, ఊరూరా తిరిగి కూర్చుకున్న టీం. ఈమధ్య ఒక్కొక్కరే మీటింగులకు రావడం మానేస్తున్నారు. ఇంకొందరు జారిపోతే ఇన్నాళ్ల కష్టమూ గంగలో కలిసినట్టే.

"గురువుగారూ, టీం నా మాట వినాలంటే ఏం చెయ్యాలండీ?"

"దమయంతి ఇంటికి వెళ్లొద్దాం, రా" అని ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

సుధాకరానికి ప్రాణం లేచొచ్చింది. దమయంతి అతని టీంలో మొట్టమొదటి మనిషి. మిషను కుట్టుకుంటూనే ఎంతమందినో చేర్పించింది. ఆవిడా కొన్నాళ్లుగా కనబడటం లేదు. గురువుగారు రెండు మాటలు చెబితే దారికొస్తుందనుకుని, కొత్త సరుకు సంచీ భుజాన వేసుకుని మరీ బయల్దేరాడు.

వాకిట్లో అడుగుపెట్టగానే దమయంతి లేచి నిలబడింది. చూపు సంచీ మీదే ఉంది.

"ఈ నెల ఏమీ తీసుకోలేను సార్. ఏమనుకోకండి."

అతను నవ్వబోయాడు. అప్పుడు కనిపించింది, గోడవారన కుర్చీలో దండ వేసిన ఫోటో. ఆమె భర్తది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అరుగు మీద కూర్చున్న అత్తగారు అతన్ని ఎగాదిగా చూసింది. "ఏమే, ఈయనేనా మీ చప్పట్లాయన?"

"ఊరుకోండత్తయ్యా."

"ఎందుకూరుకుంటాను? కొడుకు పోయాడే నాకు!"

సుధాకరానికి ఏమీ అర్థం కాలేదు. "ఎప్పుడమ్మా? నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాను సార్. ఆయన పోయిన రోజే మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను." ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి మరీ కష్టమైంది. "ఆ పొద్దున అందరూ ఎవరెంత అమ్మిందీ పెడుతున్నారు కదా, మీరు చదివుండరు. దానికీ చప్పట్ల బొమ్మ పెట్టారు. మీరు పెట్టారని మనవాళ్లంతా పెట్టారు. ఆయన్ని తీసుకెళ్లేదాకా ఫోను మోగుతూనే ఉంది సార్."

సుధాకరం సంచీ దించాడు. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ ఎత్తుకున్నాడు. రంగనాయకులు గారు మాత్రం ఆ పెద్దావిడ కాళ్ల దగ్గర కింద కూర్చుని, అబ్బాయి పేరేమిటో, ఏం చేసేవాడో, ఏ కూర ఇష్టంగా తినేవాడో అడుగుతూ, వింటూ చాలాసేపు ఉండిపోయారు. దమయంతి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మీటింగుకు రమ్మని అతను అనలేకపోయాడు. వస్తానని ఆమె అనలేదు.

వీధి చివరికొచ్చాక సుధాకరం అన్నాడు. "అంతమందిలో ఒక్కరైనా అదేమిటని నన్నడగలేదండీ."

రంగనాయకులు గారు నడక ఆపలేదు.

"ఇంతకన్నా మాట వినే టీం ఎక్కడుంటుందయ్యా?"