చుక్కమ్మ పిల్లల లెక్క

చుక్కమ్మ చేసిన తప్పు ఒక్కటే. సాయంత్రం పూట తన పిల్లల్ని లెక్కపెట్టే పని పిల్లికి అప్పగించింది.

దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే కదా అంటారు మీరు. నిజమే. కానీ చుక్కమ్మ వెర్రిది కాదు. ఊరి చివర నూనె గానుగ ఉన్న దొడ్లో పెరిగిన చుక్కల పెట్ట అది. గద్ద నీడ నేల మీద పడకముందే పసిగట్టేది. కుక్క ఎదురొస్తే ఈకలు విప్పి వీధి చివరిదాకా తరిమేది. లెక్క అనేసరికి మాత్రం వెనక్కి తగ్గేది. "కోడి జాతికి లెక్క అబ్బదే" అని దాని తల్లి చెప్పింది. ఆ తల్లికి దాని తల్లి చెప్పింది. పొదిగిన పన్నెండు గుడ్లూ పిల్లలైనప్పుడు గానుగాయన భార్య "పన్నెండుకి పన్నెండూ!" అని సంబరపడితే, పన్నెండంటే చాలా అని మాత్రం చుక్కమ్మకు తెలిసింది.

పిల్లిది బూడిద రంగు. పొయ్యి పక్కన పడుకునేది, పోసిన పాలు తాగేది, ఎవరితోనూ పేచీ పెట్టుకునేది కాదు. దొడ్లో అందరూ దాన్ని పిన్నీ అనే పిలిచేవారు.

"పిన్నీ, అందరూ గూటికి చేరారో లేదో ఎలా తెలుస్తుంది?" అని చుక్కమ్మ ఒకరోజు అడిగింది.

"నేనున్నానుగా తల్లీ, లెక్కపెట్టి చెప్తాను. ఒకరికి పాట వస్తుంది, ఒకరికి లెక్క వస్తుంది. మీ జాతికి గుడ్లు పెట్టడం వచ్చు. అది చాలదూ?"

అప్పటినుంచి పొద్దుగూకే వేళ పిల్లి పిల్లల చుట్టూ తిరుగుతూ, తోకతో చూపిస్తూ లెక్కపెట్టేది. కోడిపిల్లలు ఒక్కచోట నిలబడతాయా? ఈ పక్క లెక్కకొచ్చింది ఆ పక్కకు పరిగెత్తి మళ్లీ లెక్కకొచ్చేది. పిల్లికి కావలసిందీ అదే.

"పన్నెండు! సరిపోయారు. ఇక పడుకో."

"నల్లపిల్ల కనబడలేదు పిన్నీ."

"పన్నెండు అన్నానా లేదా? నీ కళ్లు గొప్పా, లెక్క గొప్పా?"

లెక్కే గొప్పదనుకుని చుక్కమ్మ పడుకుంది. తెల్లారాక కూడా నల్లపిల్ల కనబడలేదు. అప్పుడది గానుగెద్దు దగ్గరికి వెళ్లింది.

గానుగెద్దు పేరు కోటయ్య. పొద్దున్నుంచి సాయంత్రందాకా కళ్లకు గంతలు కట్టుకుని గానుగ చుట్టూ తిరగడమే దాని పని. ఎంత తిరిగినా ఎక్కడికీ పోదని దొడ్లో అందరూ దాన్ని వెక్కిరించేవారు. అది నవ్వి ఊరుకునేది.

"మావా, నాకొక పిల్ల తక్కువైందేమో అనిపిస్తోంది."

"ఎంతమంది ఉన్నారు?"

"పిన్ని పన్నెండు అంటోంది."

"పిన్ని సంగతి సరే. నువ్వెంతంటావు?"

"నాకు లెక్క రాదు మావా. మా జాతికే రాదు."

కోటయ్య నెమరు వేయడం ఆపింది. "నాకు మాత్రం కడుపులోంచి వచ్చిందా? ఈ దారిలో ఒకచోట కాలికి ఎత్తురాయి తగులుతుంది. తగిలినప్పుడల్లా ఒకటి అనుకోవడం మొదలుపెట్టాను. ఒక పంటకాలమంతా తప్పే పెట్టాను. ఈగ ముసిరితే మర్చిపోయేవాణ్ణి, గడ్డి వాసనొస్తే మర్చిపోయేవాణ్ణి. మర్చిపోయినప్పుడల్లా మళ్లీ ఒకటి."

"విసుగు రాలేదా?"

"వచ్చింది. దానితోపాటే తిరిగాను."

చుక్కమ్మ ఆ రోజే సాధన మొదలుపెట్టింది. గానుగ దగ్గర రాలిన నువ్వులు వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ ముక్కుతో తాకుతూ లెక్కపెట్టబోయింది. మూడు దాటేసరికి వరస మాయమయ్యేది.

"మావా, ఎంత పెట్టినా లెక్క మిగలడం లేదు."

"లెక్క మిగలకపోవడం కాదే, నువ్వులే మిగలడం లేదు! తినేస్తున్నావు!"

"అలవాటు మావా. ముక్కు ఆగదు."

"కంచె దగ్గర ఆముదపు గింజలు రాలాయి, అవి తెచ్చుకో. వాటిని నోట్లో పెట్టుకునే ధైర్యం నీకు లేదు."

ఆముదపు గింజలతో పని కుదిరింది. పొద్దున గూట్లోంచి పిల్ల బయటికి వస్తే ఒక గింజ పగిలిన ముంతలో వేసేది. సాయంత్రం పిల్ల లోపలికి వెళ్తే ఒక గింజ తీసేది. వేస్తూ, తీస్తూ ఒకటి, రెండు, మూడు అని పైకి అనేది. ఐదు తర్వాత ఏడు అనేది, ఎనిమిది రెండుసార్లు వచ్చేది. కోటయ్య గానుగ తిరుగుతూనే "ఆరెక్కడికి పోయింది?" అని అరిచేది. చుక్కమ్మ మళ్లీ మొదటికి వచ్చేది.

ఒక సాయంత్రం అది గొల్లుమంది. "ఒక పిల్ల తగ్గింది! అయ్యో, వెతకండి!" దొడ్డంతా వెతికారు. చివరికి పిల్లి వచ్చి కనిపెట్టింది. "నీ రెక్క కింద దూరినదెవరమ్మా? పక్కింటి పిల్లా?"

అందరూ పడీ పడీ నవ్వారు. "పుట్టుకతో రానిది పుడకలదాకా రాదని ఊరికే అన్నారా? ఇక చాలించు తల్లీ, నవ్వులపాలు కాకు" అంది పిల్లి.

చుక్కమ్మ తల దించుకుంది. "మానేస్తాను మావా" అంది.

"మానెయ్. రేపు పొద్దున లెక్కపెట్టాక మానెయ్" అంది కోటయ్య.

మర్నాడు లెక్కపెట్టాక మానేద్దామనుకుంది. ఆ మర్నాడూ అలాగే అనుకుంది. అలా మానేస్తూ మానేస్తూ ఉండగానే తప్పులు తగ్గాయి. ఒకరోజు పిల్లలందరూ నీళ్ల తొట్టి గట్టు మీద వరసగా నిలబడితే, చుక్కమ్మ గింజల జోలికి పోకుండానే చివరిదాకా లెక్కపెట్టింది. పది. తిరగేసి ఆ చివరనుంచి పెట్టింది. పది. అప్పుడది మెల్లగా ముంత దగ్గరికి వెళ్లి, లోపలివీ పక్కన మిగిలినవీ కలిపి పన్నెండు గింజలు వరసగా పేర్చింది. పిల్లకో గింజ పక్కకు తోసింది. చివర రెండు గింజలు మిగిలిపోయాయి. వాటిని చాలాసేపు ముక్కుతో అటూ ఇటూ దొర్లించింది. ఇంతకాలం చాలా అని మాత్రమే తెలిసిన పన్నెండు, దానికి ఆ రోజు నిజంగా అర్థమైంది.

పిల్లిని నిలదీసింది. "పిన్నీ, వీళ్లు పదిమందే."

పిల్లి కళ్లు చికిలించింది. "పదా? ఏమో తల్లీ, వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు. గద్దేదో ఎత్తుకుపోయి ఉంటుంది. ఇకనుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని లెక్కపెడతానులే."

చూడనిదాన్ని నిందించలేక చుక్కమ్మ ఊరుకుంది. లెక్క మాత్రం మానలేదు. రోజూ సాయంత్రం ఇదీ పెట్టేది, పిల్లీ పెట్టి "పది" అనేది.

పిల్లి ఓ కంట ముంతను కనిపెడుతూ వచ్చింది. "దీనికి లెక్క వచ్చిందనుకోవడం నా భ్రమ. ఎవరో పది అని చెప్పి ఉంటారు. దీనికి వచ్చిందల్లా గింజకో పిల్లను జత చెయ్యడమే" అనుకుంది. గింజ తీసేస్తే పిల్ల పోయిందని కూడా తెలియదు కదా!

ఒకరోజు మధ్యాహ్నం చుక్కమ్మ దుమ్ముస్నానం చేస్తూ మైమరచి ఉండగా పిల్లి ముంతలోంచి ఒక గింజ తీసి పారేసింది. పక్కనే తిరుగుతున్న ఎర్రపిల్లను నోట కరుచుకుని, నూనె తీయగా మిగిలిన తెలగపిండి దాచే కొట్లోకి తీసుకుపోయి తట్ట కింద మూసింది. పట్టపగలు తింటే ఈకలు, అరుపులు, గొడవ. అందరూ పడుకున్నాక తీరుబడిగా చూసుకోవచ్చనుకుని, వచ్చి పొయ్యి పక్కన పడుకుంది.

సాయంత్రం పిల్లలు గూటికి చేరాయి. తొమ్మిది. చుక్కమ్మ ముంత దగ్గరికి పరిగెత్తింది. ముంతలో చూసింది. గింజలూ తొమ్మిదే.

పొద్దున నేనే తప్పుగా వేశానేమో అనుకుంది ముందు. లెక్క రాదని విని విని పెరిగినవాళ్లకు మొదటి అనుమానం తమ మీదే వస్తుంది. పిల్లి ధైర్యం కూడా అదే. కానీ పొద్దున పది అని పైకి అన్న తన గొంతు చుక్కమ్మకు గుర్తుంది. పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిది. రెక్కలు ఎత్తి కింద చూసుకుంది. ఎవరూ లేరు. గింజలకు కాళ్లు రావు కదా అనుకుంది.

గొంతు సవరించుకుని పిలిచింది. "పిన్నీ, ఒకసారి ఇలా వచ్చి లెక్కపెట్టి పెడతావా? నాకు తికమకగా ఉంది."

పిల్లి ఒళ్లు విరుచుకుని వచ్చింది. ఎప్పటిలాగే చుట్టూ తిరిగింది, తోక ఆడించింది. "...ఎనిమిది, తొమ్మిది, పది! సరిపోయారు. ఇక పడుకో."

"పదా పిన్నీ? బాగా చూశావా?"

"నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"మరి ముంతలో తొమ్మిది గింజలే ఉన్నాయే! పొద్దున బయటికి వెళ్లింది తొమ్మండుగురైతే, సాయంత్రం లోపలికి పదిమంది ఎలా వచ్చారు? మధ్యాహ్నం నువ్వేమైనా గుడ్డు పెట్టి పొదిగావా?"

కోటయ్యకు నవ్వు ఆగక మెడగంట గణగణ మోగింది. పిల్లి తడబడింది. "అంటే... తొమ్మిదే. చూపు ఆనడం లేదన్నానుగా."

"చూపు ఆననిదానికి ముంతలో గింజ కనబడిందే! పొద్దున పది వేశాను. గింజ తీసినవాళ్లకే నా పిల్ల ఎక్కడుందో తెలుసు. చెప్తావా, చెప్పవా?"

పిల్లి కళ్లు తెలగపిండి కొట్టువైపు ఒక్క క్షణం వెళ్లాయి. కోటయ్యకు అది చాలు. లేచి వెళ్లి కొమ్ముతో తట్ట ఎత్తింది. ఒళ్లంతా తెలగపిండి అంటుకుని బిత్తరపోయిన ఎర్రపిల్ల కియ్యోకియ్యోమంటూ తల్లి దగ్గరికి పరిగెత్తింది. చుక్కమ్మ పిల్లి వీపు మీదికి ఎగిరి చెవులు పొడుస్తూ కంచెదాకా సాగనంపింది. పోయిన ఇద్దరూ ఏమయ్యారో ఇక ఎవరూ అడగక్కర్లేకపోయింది.

పిల్లికి ఆ తర్వాత దొడ్లో పాలూ లేవు, పిన్ని అనే పిలుపూ లేదు. గడ్డివాములో ఎలుకల వెంటపడి బతికింది. లెక్క బాగా వచ్చిన పిల్లి అది, కాకపోతే తన రెండు అబద్ధాలు ఒకదానికొకటి సరిపోయాయో లేదో చూసుకోలేదు.

తప్పుతూనే పెట్టేవాళ్లకు లెక్క వస్తుంది, తప్పుతామని మానేసేవాళ్ల లెక్క ఎదుటివాడి చేతిలో ఉంటుంది.

కొన్నాళ్లకు చుక్కమ్మకు జ్వరం వచ్చి మూలన ముడుచుకుంది. కోటయ్య ప్రేమగా, "ఇవాళ్టికి నేను పెడతాలే, నువ్వు పడుకో" అంది.

"నువ్వు బంగారం మావా. కానీ పిల్లలు నావి" అంటూ చుక్కమ్మ తూలుకుంటూ లేచి గూటి ముందు నిలబడింది. తన పిల్లల లెక్క ఇక ఎవరికీ, చివరికి కోటయ్యకు కూడా, అప్పగించకూడదని అది అనుకుంది. ఎన్ని గుడ్లు పొదిగినా, ఎంతమంది పిల్లలు వచ్చినా, బతికినన్నాళ్లూ ఆ మాట మీదే ఉంది.