తొలివానకు ఆనించిన మూట

ఊరందరి విత్తనాలూ దాచే కోట నేలమాళిగ బాగా పాతబడింది. పునాది బీటలిచ్చి, గోడలు చెమ్మగిల్లి, నిరుడు గింజలు మూటల్లోనే మొలకెత్తాయి. బాగుచేయడానికి తాపీపని చేసే నూకాలమ్మను పిలిపించారు.

"నీళ్లు బయటినుంచి వస్తున్నాయి. పునాది చుట్టూ తవ్వి, బయటివైపు గానుగ సున్నం మెత్తాలి," అందామె.

"పునాది చుట్టూ ఉన్న నా పూలతోట తవ్వుతావా? లోపల నున్నగా మెత్తు, చాలు. పైన నా పేరు చెక్కు!" అని కోట పనులు చూసే దివాను గర్జించాడు.

"చిత్తం దొరా. కానీ మా తాపీవాళ్ల ఆచారం ఒకటుంది. గోడ మీద ఎవరి పేరుంటే వాళ్లు తొలివానకు తమ ఇంటి విత్తనాల మూటను ఆ గోడకే ఆనించి ఉంచాలి. తమరి మూట పంపించండి."

దివాను గోడకేసి చూశాడు, మబ్బుకేసి చూశాడు.

"బయటే తవ్వు," అని గొణిగాడు. "పేరు కూడా నీదే చెక్కుకో."

బయట తవ్వి సున్నం మెత్తాక, తొలివానకు నూకాలమ్మ తన మూటే ఆ గోడకు ఆనించింది. మూడు రోజుల ముసురు తర్వాత విప్పితే గింజలు గలగలలాడాయి.

"మరి పేరు చెక్కుకోలేదేం?" అని గోడ చూడవచ్చిన రాజు అడిగాడు.

"నిరుడు విత్తనాలు మూటల్లో మొలిచాయి, ఈ ఏడు పొలాల్లో మొలుస్తాయి మహారాజా. నా పేరు అక్కడ చదువుకోండి!"