తిప్పవ్వ చుక్క

ఊ కొట్టండి మరి, ఊ కొట్టకపోతే ఈ కథ కదలదు! కొండలింకా మోకాలెత్తు ఉన్న కాలంలో, ఒక ఊళ్ళో తిప్పవ్వ అనే ముసలామె ఆముదం వండుకుని బతికేది. గింజలు వేయించేది, దంచేది, ఉడకబెట్టేది. ఆమెను పేరుతో పిలిచినవాళ్ళే లేరు. "ఏయ్ ఆముదం!" అనేవాళ్ళు.

ఆ ఊరి కమ్మరి కూతురు ఓబులి. తండ్రి సమ్మెట కొడితే తను కొలిమి తిత్తి ఊదేది. ఒకనాడు మంట ఎగిసి ఓబులి రెప్పల వెంట్రుకలు కాలిపోయాయి. చూపు పోలేదు, చూపుకున్న కాపలా పోయింది! బూడిద కంట్లోకే, దుమ్ము కంట్లోకే, గాలి కంట్లోకే. కొలిమి ముందు కూర్చోలేకపోయింది. తిత్తి ఊదడానికి ఇంకెవరూ లేరు. తొలకరికి నాలుగు నెలలుంది. అప్పటికి నాగలికర్రులు సిద్ధం కాకపోతే ఊరికి తిండి లేదు.

తిప్పవ్వ వచ్చింది. వేలికొనతో ఒక్క చుక్క ఆముదం రెప్ప అంచున రాసింది.

"దినామూ వస్తా. కళ్ళు మూసుకో."

ఊరు నవ్వింది. బట్టతల ఊరిపెద్ద తన నున్నటి నెత్తి చూపించాడు. "ఈడ గూడా మొలిపించు సూద్దాం!"

"నీది రాతినేల నాయనా! ఈ పిల్ల రెప్పలో వేర్లు బతికే ఉండాయి. ఎండిపోకుండా సూసుకుంటే అవే లేస్తాయి."

మొదటి పున్నమికి ఏమీ లేదు. రెండో పున్నమికి ఏమీ లేదు. మూడో పున్నమికి ఓబులి వేలికి ఏదో గరుగ్గా తగిలింది. "మొలిచినాయి! అవ్వా, మొలిచినాయి!" ఊరంతా పరుగెత్తుకొచ్చింది! తిత్తి బుసకొట్టింది, కర్రులు ఎర్రబడ్డాయి, తొలకరికి నాగళ్ళు కదిలాయి.

అప్పుడు చూసింది ఓబులి అవ్వ మొహంలోకి. ఏళ్ళ తరబడి పొయ్యి సెగకు ఆ రెప్పలు బోసిగా ఉన్నాయి.

"ఇంత ఆముదం పెట్టుకుని నువ్వెందుకు పూసుకోలేదవ్వా?"

"కళ్ళు మూసుకుంటే రెప్ప నాకెట్టా కనపడతాది? ఇంకొకరు పూయాల. నాకెవురుండారు?"

ఓబులికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి తనే పూసింది. మొదటి పున్నమికి ఏమీ లేదు. రెండో పున్నమికి ఏమీ లేదు. మూడో పున్నమికి అవ్వ మంచం పట్టింది. పూయబోయిన ఓబులి కేక పెట్టింది.

"అవ్వా! మూడు మొలిచినాయి!"

"నిజంగానా? ఎవురికీ చెప్పొద్దు, దిష్టి తగులుతాది!" పకపకా నవ్వింది తిప్పవ్వ. ఆ నవ్వుతోనే వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ సీమలో ఎవరి రెప్పకు వాళ్ళు ఆముదం పూసుకోరు. ఒకరు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. "అవ్వకెన్ని?" అని అడుగుతారు. పూసేవాళ్ళు "మూడు!" అంటారు. పూయడం కాగానే పూసినవాళ్ళను కూర్చోబెడతారు.

"ఇంక నువ్వు మూసుకో."