నూకరాజు ఇంటి ఎనభై ఎనభై కిటికీ

కడియం నర్సరీల్లో నూకరాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరని నూకరాజు ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

"మనకి ఒక్కసారి చెబితే చాలు, అక్షరం పొల్లు పోనివ్వం" అనేవాడు నూకరాజు.

"అక్షరమేంటి, చెప్పేవాళ్ళ దగ్గు కూడా పోనివ్వం" అనేది భార్య వీరవేణి.

తమ్ముడు అబ్బులు ఏమీ అనేవాడు కాదు. వాడి పని మొక్కలకి నీళ్ళు పెట్టడం. మాట్లాడమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు పెరడు నిండా చామంతి నారు పోశారు. నారంటే పసిబిడ్డతో సమానం. పూటపూటా తడవాలి, వేళకి అమ్ముడుపోవాలి. లేదంటే ఏడాది కష్టం ఎండుగడ్డి. అందుకే పట్నంలో ఉద్యోగం చేసే మేనకోడలు లోవకుమారి మొన్న వచ్చినప్పుడు వీళ్ళ కంప్యూటర్లో ఒక దుకాణం తయారుచేసి వెళ్ళింది. మిగిలిన పని ఫోన్లో చెప్పింది.

"మావయ్యా, మీ కంప్యూటర్ నిండా చెత్త. అది అంటకుండా లోపలే ఒక మూసిన గది కట్టి, దుకాణం అందులో పెట్టాను. దాన్ని కంటైనర్ అంటారు. దానికి ఎనభై ఎనభై నంబరు కిటికీ ఉంది, పోర్టు అంటారు. మీ కంప్యూటర్‌కీ అదే నంబరు కిటికీ తెరిచి, రెంటికీ మధ్య దారి వెయ్యాలి. ఇక ఇక్కడ ఇచ్చింది లోపలికి వెళ్తుంది, లోపలిది ఇక్కడ కనబడుతుంది. అత్తా, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

అంతే, వీరవేణి కొట్టడం మొదలుపెట్టింది. మధ్యలో లోవకుమారి "అయ్యో, పాలు పొంగిపోయాయి, ఉండత్తా!" అంది. అదీ కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"దానికి పాలు పడవేమో" అన్నాడు నూకరాజు.

లోవకుమారి నెత్తి బాదుకుంది. ఆ చప్పుడు ఎలా కొట్టాలో తెలీక వీరవేణి ఆగిపోయింది.

ఎలాగైతేనేం, దారి పడింది. తెర మీద పచ్చటి చామంతి నారు బొమ్మలతో దుకాణం ప్రత్యక్షమైంది.

"ఆ పక్కన అత్త ఇందాక కొట్టిన నల్ల తెర మూయకండి, మూస్తే దారి పోతుంది. ఎవరైనా ఓ కన్నేసి ఉంచండి. ఇకమీదట ఆర్డర్లన్నీ దీంట్లోనే తీసుకుందాం. ఊరందరికీ కనబడేలా ఆదివారం నేనొచ్చి పెడతాను" అంది లోవకుమారి.

ఇంకేముంది, అబ్బులు నల్ల తెర ముందు కూర్చున్నాడు. ఒక కన్ను వేశాడు. రెండోదాన్ని అరచేత్తో మూసుకున్నాడు.

"మరి నారుకి నీళ్ళో?" అంది వీరవేణి.

"నీళ్ళ ఊసు ఎత్తిందా అది?" అన్నాడు నూకరాజు. "ఎత్తనిది చేస్తే మాట విన్నట్టా?"

మాట వినడం మంచి గుణమే. బుర్ర వాడటం ఇష్టం లేనివాడికి అంతకంటే మంచి సాకూ లేదు.

నూకరాజు ఇంకా ఆలోచించాడు. "ఊరందరికీ ఆదివారం అంది. అంటే పక్క ఊళ్ళకి ఇవాళే చెప్పొచ్చు!" అంతే, తెర మీదున్న 'లోకల్ హోస్ట్, ఎనభై ఎనభై' అన్న అడ్రసుతో కరపత్రాలు వేయించి కొత్తపేట దాకా పంచాడు.

మూడో నాడు కొత్తపేట రైతు సోమరాజుగారు ఫోన్ చేశారు. "ఏవయ్యా, నీ అడ్రసు కొడితే నా ఫోన్లో ఏమీ లేదంటోంది. పోనీలే, ఒక బండి నారు పంపించు. డబ్బు చేతిలో పెడతాను."

"అలా కుదరదండి. ఆర్డరు కిటికీలోంచే రావాలండి, ఆయ్!"

నూకరాజు మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల కేక పెట్టింది. "అయ్యో మావయ్యా! ఆ అడ్రసు ఏ మిషన్లో కొడితే ఆ మిషన్లోనే వెతుకుతుంది. మన దుకాణం మన మిషన్లో ఉంది. రాజుగారి ఫోన్లో ఎలా దొరుకుతుంది? ముందు ఆ నారు..."

"అర్థమైందమ్మా" అని పెట్టేశాడు. వాడికి అర్థమైందంటేనే భయపడాలి.

"మన మిషన్లోనే కొట్టాలట. అయితే మిషనే రాజుగారి దగ్గరికి వెళ్ళాలి!"

ఇంకేముంది, ట్రక్కు ఆటో వాకిట్లోకి వచ్చింది. అది వచ్చీ రాగానే వీరవేణి రాజుగారి కోసం నారు ట్రేలు అందులో సర్దింది. చోటు చాలదని అవన్నీ ఎండలో దించేశారు. బల్ల, కుర్చీ, కంప్యూటర్, ఇన్వర్టరు బ్యాటరీ, ఒంటికన్ను అబ్బుల్ని ఎక్కించారు.

కొత్తపేటలో సోమరాజుగారు ఆటో ఎక్కి, నవ్వాలో తిట్టాలో తెలీక ఆర్డరు కొట్టారు. 'అందింది' అంది తెర. నూకరాజు చప్పట్లు కొట్టాడు.

"సరే, నారేదయ్యా?"

"దించేశామండి. చోటు లేక."

"మొక్కలు దించేసి కొట్టు మోసుకొచ్చావా! పోయి తీసుకురా, పో!"

ఇంటికి వచ్చేసరికి ఆటోలోంచి దించిన నారు లేదు, పెరట్లో నారూ లేదు. ట్రేల నిండా ఎండుగడ్డి. వీరవేణి వాకిట్లోనే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. "ఏడాది కష్టం బుగ్గైపోయింది దేవుడో!"

అబ్బులు మొదటిసారి నోరు విప్పాడు. "ఏడవకొదినా. ఇటు చూడు, కంప్యూటర్లో నారు పచ్చగానే ఉంది!"

అందరూ ఎగబడి చూశారు. నిజమే, నవనవలాడుతోంది.

"అయితే దీన్నైనా కాపాడుకోండి. దానికి నీళ్ళు పెట్టి ఎన్నాళ్ళైంది?" అంది వీరవేణి కళ్ళు తుడుచుకుంటూ.

"దారి వేశాం కదా, ఇక్కడ ఇస్తే లోపలికి వెళ్తుంది" అన్నాడు నూకరాజు. "తేరా అబ్బులూ!"

అబ్బులు నిండు బకెట్టు తెచ్చి కంప్యూటర్ నెత్తిన కుమ్మరించాడు. చుయ్‌మంది, టప్‌మంది, పొగ వచ్చింది, తెర నల్లబడింది.

"చూశావా అన్నియ్యా" అన్నాడు తృప్తిగా, "తాగి పడుకున్నాయి."